వీడియో పాఠం ముగిసిన తర్వాత

శ్రోతలకు నమస్కారం.

దూరాన ఉన్న విద్యార్థికి చదువు చెప్పడం విశాఖపట్నానికి కొత్త సంగతి కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. పదేళ్ల తర్వాత, 1982లో, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. ఇంటికి పంపే పాఠాలను రాసినవారికి ఒక విషయం బాగా తెలుసు: చదివే మనిషి ఒంటరిగా ఉంటాడు, సందేహం వస్తే అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. అందుకే పాఠం మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవారు, వాటి సమాధానాలను చివర ఇచ్చేవారు.

2020 మార్చిలో తరగతి గదులు మూతపడినప్పుడు ఈ అనుభవాన్ని పాఠాలు చెప్పే మనలో చాలామందిమి పక్కన పెట్టేశాం. గంట సేపు చెప్పే ఉపన్యాసాన్ని ఉన్నది ఉన్నట్టు కెమెరా ముందు చెప్పి, దానికే ఆన్‌లైన్ కోర్సు అని పేరు పెట్టాం. ఆ తొందరలో అంతకు మించి చేయడం కష్టమే. కాని ఆ అలవాటు ఇప్పటికీ పోకపోవడమే విచారించవలసిన విషయం. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ప్రతి కోర్సుకు నాలుగు భాగాలు ఉండాలన్నారు: వీడియో పాఠం, చదువుకోవడానికి సామగ్రి, తనను తాను పరీక్షించుకొనే ప్రశ్నలు, సందేహాలు తీర్చుకొనే చర్చా వేదిక. మన సంస్థలు డబ్బు, శ్రమ ఎక్కువగా మొదటి దాని మీదే వెచ్చిస్తున్నాయి. విద్యార్థి నిలబడేదీ, జారిపోయేదీ మాత్రం మిగిలిన మూడింటి దగ్గర అని నా అభిప్రాయం.

వీడియో సంగతి త్వరగా ముగిస్తాను. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సులలో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు చూసే సమయం సాధారణంగా ఆరు నిమిషాలకు మించడం లేదని తేలింది. అంటే గంట పాఠాన్ని కత్తిరించి పది ముక్కలు చేయమని కాదు. ఒక్కొక్క వీడియోలో ఒక్క విషయమే చెప్పి, వెంటనే విద్యార్థి చేతికి పని ఇవ్వమని.

ఆ పని ఎలా ఉండాలో బీకాం పాఠంతో చెబుతాను. లక్ష రూపాయలకు కొన్న యంత్రం మీద ఏటా పది శాతం తరుగుదలను, అంటే వాడకం వల్ల విలువలో వచ్చే తగ్గుదలను, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో లెక్కించాలి. రెండో సంవత్సరం తరుగుదల ఎంత? సరైన జవాబు తొమ్మిది వేలు. చాలామంది పది వేలు అంటారు. ఇక్కడ కంప్యూటర్ ఎర్ర గుర్తు చూపించి 'తప్పు' అని ఊరుకుంటే విద్యార్థి ఇంకో జవాబు నొక్కి ముందుకు పోతాడు, నేర్చుకొనేది ఏమీ ఉండదు. 'మీరు కొన్న ధర మీదే మళ్లీ లెక్కించారు, అది స్థిర వాయిదా పద్ధతి. ఈ పద్ధతిలో మొదటి ఏడాది పోగా మిగిలిన తొంభై వేల మీద లెక్కించాలి' అని ఆ క్షణంలోనే చెప్పగలిగితే, ఎదురుగా లేని ఉపాధ్యాయుడు ఎదుట ఉన్నట్టే. అందుకు ప్రశ్న రాసేటప్పుడే, ఏ తప్పు ఏ పొరపాటు ఆలోచన నుంచి పుడుతుందో ముందుగా తెలిసి ఉండాలి. తరగతిలో పాఠం చెప్పి, జవాబు పత్రాలు దిద్దిన అనుభవం అక్కరకు వచ్చేది ఇక్కడే.

ఇటువంటి ప్రశ్నలు మార్కుల కోసమే కావు. చదివిన పాఠాన్ని మళ్లీ చదివినవారి కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకొనే ప్రయత్నం చేసినవారికే వారం తర్వాత ఎక్కువ గుర్తుందని 2006లో ప్రచురితమైన ప్రయోగాలు చూపించాయి. పాఠం చదివిన ఐదు నిమిషాలకే పరీక్షిస్తే మాత్రం మళ్లీ చదివినవారిదే పైచేయి. పరీక్షకు ముందు రాత్రి చదువు మనల్ని నమ్మించి మోసం చేసేది అందుకే.

చర్చా వేదికలు మూగబోవడానికి విద్యార్థుల సోమరితనమే కారణమనడం సరికాదు. 'సందేహాలుంటే అడగండి' అంటే ఎవరూ అడగరు. 'మీ వీధిలో ఆటోనో, మీకు తెలిసినవారిలో పడవనో నడిపేవారిని అడిగి, కొన్న ధర, ఇప్పుడు అమ్మితే వచ్చే ధర రాయండి' అంటే గాజువాక విద్యార్థి ఒకటి తెస్తాడు, భీమిలి విద్యార్థి మరొకటి తెస్తాడు. లెక్కలు కలవవు. ఎందుకు కలవలేదన్న దగ్గర మాటలు మొదలవుతాయి.

రేడియోలో మాట్లాడుతున్న నాకు, మీలో ఎవరు ఇప్పుడు స్టేషను మార్చారో తెలిసే వీలు లేదు. ఆన్‌లైన్ ఉపాధ్యాయునికి ఆ వీలుంది: మొదటి వారంలో లాగిన్ కానివారెవరో, రెండో క్విజ్ దగ్గర ఆగిపోయినవారెవరో తెర మీదే కనిపిస్తుంది. అలా ఆగినవారికి హెచ్చరిక కాదు, 'ఎక్కడ ఆగారు?' అని ఒక్క ఫోన్ కాల్ కావాలి. కారణం చాలాసార్లు పాఠంలో ఉండదు. పాడేరు వైపు కొండల్లో సిగ్నల్ అందని ఊళ్లో ఉండవచ్చు. ఉక్కు కర్మాగారంలో ఆ వారం రాత్రి షిఫ్టు పడి ఉండవచ్చు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తమ్ముడి చేతిలో ఉండవచ్చు. కాబట్టి ప్రతి వీడియోకూ తక్కువ డేటాతో దిగే ఆడియోను, చదువుకొనే పాఠాన్ని జతచేయాలి. అసైన్‌మెంట్ గడువును ఒక్క రాత్రికి బిగించకుండా మూడు నాలుగు రోజుల వెసులుబాటు ఇవ్వాలి.

ఇదంతా ఉపాధ్యాయుని సమయాన్ని అడుగుతుంది. వీడియో చిత్రీకరణకు గంటలు లెక్కగట్టి, సందేహాలకు జవాబిచ్చే గంటలను పనిగా లెక్కించకపోతే వందలమంది విద్యార్థులకు ఒక్కరు ఎన్నాళ్లు జవాబివ్వగలరు? టైంటేబుల్‌లోనే వారానికి కొన్ని పీరియడ్లు ఇందుకు కేటాయించి, పదేపదే వచ్చిన సందేహాలను ఒకచోట రాసిపెట్టుకొని, వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోగా ఆ పాఠాలను తిరగరాయాలి.