నక్షాను నేల మీద పోసి చూపండి

[తెర మీద పెద్ద పటం. దాని మీద ఒక వేలు దారి వెతుక్కుంటూ తిరుగుతుంది.]

నమస్కారం. ఈ పటం కొలత 1:10,000 అనుకుందాం. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద వంద మీటర్లు. మీ ఇంటి ముఖం 33 అడుగులుంటే ఇందులో అది ఒక్క మిల్లీమీటరు. పెన్సిల్ గీత కాస్త లావుగా పడితే ఇల్లే మాయం! మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడగానే అభ్యంతరాలు, సలహాలు తెలపమని ప్రకటన వస్తుంది. సరే, తన గుమ్మమే కనిపించని పటం మీద మనిషి ఏమని అభ్యంతరం చెబుతాడు?

ఆర్కిటెక్ట్‌తో అవసరం పడేది ఇక్కడే.

[దృశ్యం: ఖాళీ స్థలంలో మేస్త్రి ముగ్గు పోస్తున్నాడు.]

మేస్త్రీలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. పునాది తవ్వే ముందు ముగ్గు పోస్తారు. ఇంటావిడ ఆ గీతల మధ్య నిలబడి, "వంటగది ఇంతేనా?" అంటుంది. ప్లాన్ కాగితం నెల రోజులు బీరువాలో ఉన్నా రాని ప్రశ్న అది.

నెల్లూరు రంగనాయకులపేట వైపు ఒక ఇరుకు సందు. మలుపులో ఒక చెట్టు, దాని చుట్టూ అరుగు. ఆర్కిటెక్ట్‌గా ఆ అరుగు గీసింది నేనే, చూసి మురిసిపోయిందీ నేనే. కంప్యూటర్ బొమ్మ చూపిస్తే అందరూ "బాగుంది సార్" అన్నారు. ఆ మాటను ఒప్పుకోలుగా లెక్కేసుకోకండి. ఇక ఇంటికి పోనివ్వండి అని దాని అర్థం.

మర్నాడు సాయంత్రం, కూలిపనులకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక, ఆ అరుగును అసలు కొలతల్లో ముగ్గుతో గీశాం. ఒక పెద్దావిడ గీత చుట్టూ నడిచి చూసి ఆగింది.

"పాడె ఎలా తిరుగుతుంది నాయనా?"

ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరు కుర్రాళ్లు నులక మంచం తెచ్చారు. నలుగురు దాన్ని భుజాలకెత్తుకుని మలుపు తిరగబోతే వెనకవాడి కాలు గీత దాటి అరుగులో పడింది. చెరిపి రెండడుగులు లోపలికి జరిపాం. మంచం తిరిగింది. రేపు అంబులెన్సు స్ట్రెచర్ తిరగాల్సిందీ ఆ మలుపులోనే.

[తెర మీద: ఎనిమిది మెట్ల నిచ్చెన.]

అమెరికా పరిశోధకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అడుగు మెట్ల మీద జనాన్ని ఊరికే కూర్చోబెడతారు, పై మెట్ల మీద నిర్ణయం వాళ్ల చేతికి వస్తుంది. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులోని బైకర్ పేటను తిరిగి కట్టడానికి వచ్చిన ఆర్కిటెక్ట్ రాల్ఫ్ ఎర్స్‌కిన్ ఆ పేటలోనే ఆఫీసు తెరిచాడు, అదీ అంతకుముందు అంత్యక్రియల ఏర్పాట్లు చేసే దుకాణంలో! పాడె సంగతి అక్కడెవరైనా అడిగారో లేదో కానీ, దారిన పోయేవాళ్లు లోపలికొచ్చి ఇంటి గోడు చెప్పుకునేవారు.

మన దగ్గర చట్టాలకు కొదవ లేదు. 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది, నెల్లూరు ఆ లెక్క ఎప్పుడో దాటింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. తోపుడుబండి ఆమె ఆ కమిటీలో కూర్చున్నా, ముందున్న నక్షా చదవలేకపోతే కుర్చీ దక్కింది తప్ప మాట దక్కలేదు.

అలాగని జనం చెప్పిందల్లా గీసేయడం కూడా పని కాదు. "కాలువ మా వైపు వద్దు, ఎదుటి వరుసకు వేయండి" అని రెండు వైపులా అంటారు. వాన పడితే నెల్లూరులో రైలు కట్ట కింది దారులు ఏమవుతాయో చూస్తూనే ఉన్నాం, నీటి వాలు చేతులెత్తి తేల్చే విషయం కాదు. అప్పుడు లెక్కలు చదివి వినిపించకండి. మేస్త్రి దగ్గర నీళ్లు నింపిన పారదర్శక గొట్టం ఉంటుంది. ఒక కొస ఈ ఇంటాయన చేతికి, రెండోది ఎదుటింటావిడ చేతికి ఇవ్వండి. రెండు కొసల్లో నీరు ఒకే మట్టానికి వచ్చాక, అక్కణ్ణుంచి నేల దాకా ఎవరిది ఎంత లోతో వాళ్లే కొలుస్తారు.

[దృశ్యం: టీ కొట్టు గోడ మీద చేతిరాత కాగితం.]

ఇక చాలామంది ఎగ్గొట్టే పని, మళ్లీ వెళ్లి ఏం చేశామో చెప్పడం. మా సందులో టీ కొట్టు గోడకు ఒక కాగితం అతికించాం. మీరు అడిగింది, మేం మార్చింది, మార్చకపోతే ఎందుకు అని మూడు గళ్లు. పాడె అన్న చోట "రెండడుగులు జరిపాం" అని రాశాం. వారం తర్వాత చూస్తే దాని కింద ఎవరో పెన్సిలుతో ఇంకో ప్రశ్న రాశారు:

"మధ్యాహ్నం రెండింటికి నీడ అరుగు మీద పడుతుందా, గోడ మీద పడుతుందా?"