ఎదురుగాలిలో సైకిల్: మాస్టారితో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. శివరాత్రి వెళ్లింది, ఎండలతో పాటు గాలులూ ముదురుతున్నాయి. ముప్పయ్యేళ్లు పిల్లలతో డ్రిల్లు చేయించి, ఇప్పటికీ సైకిల్ మీదే తిరిగే వ్యాయామ ఉపాధ్యాయులు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్, గార మండలం నుంచి. చెప్పమ్మా.

శ్రోత: నమస్తే మాస్టారూ. ఇంటర్ చదువుతున్నాను. శ్రీకాకుళం కాలేజీకి సైకిల్ మీద వెళ్తాను. పొద్దున్న బాగానే వెళ్తాను గానీ సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాళ్లు పీకేస్తున్నాయి.

మాస్టారు: మీ ఊరు సముద్రం వైపు కదా తల్లీ. మధ్యాహ్నానికి నేల వేడెక్కి పైగాలి లేస్తుంది, ఆ చోటుకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. నువ్వేమో దానికి ఎదురెళ్తున్నావు. తెల్లవారుజామున నేల వైపు నుంచి వీచే గాలి కూడా నీకు ఎదురే. కాకపోతే అది పల్చన, నీకు తెలియదు. ఆషాఢంలో పడమటి గాలి పడితే చూడు, ఇంటికి అదే తోసుకొస్తుంది.

శ్రోత: అంతవరకూ ఏటి చెయ్యాలి మాస్టారూ?

మాస్టారు: లెక్క చెప్తాను విను. నువ్వు గంటకి 15 కిలోమీటర్లు తొక్కుతున్నావు, ఎదురుగాలి 20 ఉంది. నీ ఒంటికి తగిలేది 35. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, గాలి లేని రోజుకంటే ఐదింతల పైనే. దాంతో పంతానికి పోతే మోకాళ్లు పోతాయి. పొద్దుటి వేగం మర్చిపో. పక్కన స్నేహితురాలితో మాట్లాడగలిగేంత ఊపిరి ఉందా లేదా, అదొక్కటే చూసుకో. గేర్లున్నాయా?

శ్రోత: లేవండి.

మాస్టారు: అయితే లేచి నిలబడి తొక్కకు, తెరచాప ఎత్తినట్టే. మోచేతులు మడిచి కొంచెం ముందుకు వంగు. బ్యాగు వీపుకి వద్దు, క్యారియర్ మీద పడుకోబెట్టి కట్టు. చున్నీ చివర్లు నడుముకి ముడేసుకో, చక్రంలో పడితే గాలికంటే అదే పెద్ద టెన్షన్. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే వంతులేసుకోండి, వెనకున్నవాళ్లకి సగం కష్టం తప్పినట్టు ఉంటుంది.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్, శ్రీకాకుళం దగ్గర్నుంచే.

శ్రోత: నాను పాలు పోస్తానండీ. నాగావళి వంతెన మీద పక్కగాలి కొడితే క్యాన్లతో సహా ఊగిపోతున్నాను.

మాస్టారు: ఎదురుగాలి అలుపే బాబూ, పక్కగాలి ప్రాణం మీదికి తెస్తుంది. వంతెన మీద చెట్టూ ఇల్లూ అడ్డం ఉండవు. మీరు కుడి నుంచి వచ్చే గాలికి తెలియకుండానే కుడికి ఒరిగి తొక్కుతుంటారు. అంతలో లారీ మీ కుడి పక్కకొచ్చి ఆ గాలిని కోసేస్తుంది. ఆనుకున్న గోడ లాగేసినట్టు లారీ వైపే తూలుతారు. అది దాటగానే గాలి మళ్లీ ఎడమకి తోస్తుంది. హారన్ వినగానే వేగం తగ్గించి, హ్యాండిల్ మరీ బిగించకుండా పట్టుకోండి. గాలి ఎడమ నుంచైతే బండ్ల మీదికే నెడుతుంది, ఆ రోజు మాత్రం దిగి నడిపించండి. ఒక క్యాన్ ఖాళీ, ఒకటి నిండు పెట్టుకుని తిరుగుతున్నారా?

శ్రోత: (నవ్వుతూ) సగం ఇళ్లయ్యాక అదే కదండీ.

మాస్టారు: మిగిలినవి రెండింట్లోకీ సమంగా పోసుకోండి. నేనూ ఒకప్పుడు గాలివానలో గొడుగు పట్టుకుని ఒంటిచేత్తో తొక్కి వరి మడిలో పడ్డాను. గొడుగు ఇప్పటికీ దొరకలేదు.

వ్యాఖ్యాత: చివరి కాల్. ఉద్దానం నుంచి, వజ్రపుకొత్తూరు వైపు.

శ్రోత: ఎంత గాలి వస్తే సైకిల్ తియ్యకూడదు మాస్టారూ? మీటరు మా దగ్గర ఉండదు కదా.

మాస్టారు: చెట్లే మీటరు. పెద్ద కొమ్మలు ఊగుతూ గొడుగు నిలవట్లేదంటే 40 దాటినట్టు. చెట్లకి చెట్లే ఊగుతూ ఎదురు నడవడమే కష్టమైతే 50 పైమాట. మొదటిదానికే ఆగిపోండి. కొబ్బరి తోటలో మాత్రం ఆగొద్దు, మట్ట గానీ కాయ గానీ మీద పడితే అంతే. ఉరుము వినబడితే ఏ చెట్టు కిందా వద్దు, బేగి పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి.

శ్రోత: మాకు తెలియనిదా అండీ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా నాన్న సైకిల్ మీదే కొబ్బరి చెట్టు పడింది. బాగు చేయించి ఇప్పటికీ నేనే తొక్కుతున్నాను. హ్యాండిల్ వదిలితే ఎడమకి లాగుతుందంతే.

మాస్టారు: అంతే అంటారేంటి! ముందు ఫోర్కు వంగి ఉంటుంది. పక్కగాలికి అది తోడైతే మీ చేతిలో ఉండదు. రేపు పలాస వెళ్తే మెకానిక్‌కి చూపించండి.

శ్రోత: సైకిల్ మీదే వెళ్లాలండీ.

మాస్టారు: వద్దు, ఆటోలో వేసుకెళ్లండి.