చివరి ఐటమ్ దగ్గర నుంచి లెక్కపెట్టండి

(కళాశాల విద్యార్థి క్లబ్బుల కొత్త బాధ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపకులకు, ఈ ఏడాది క్లబ్బుల బాధ్యత నెత్తికెత్తుకున్న విద్యార్థులకు నమస్కారం. నా పరిచయాన్ని నాలుగు మాటల్లో ముగించిన అమ్మాయికి ప్రత్యేకంగా థాంక్స్. ఎందుకు ప్రత్యేకంగా అంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నాకిచ్చిన అంశం కార్యక్రమాల ప్రణాళిక, నిర్వహణ. దీన్ని అందరూ తేదీతో మొదలుపెడతారు, నేనూ అక్కడే మొదలుపెడతాను. మనసులో ఒక తేదీ పడగానే పోస్టర్ డిజైన్ చెయ్యడానికి కూర్చోకండి. పరీక్షల క్యాలెండర్, సెలవుల జాబితా, మిగతా క్లబ్బుల కార్యక్రమాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒకే సాయంత్రం రెండు క్లబ్బులు కార్యక్రమాలు పెట్టుకుంటే అవే ముఖాల కోసం, అదే సౌండ్ సిస్టమ్ కోసం, అదే హాల్ కోసం కొట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు రెండు చోట్లా సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

తర్వాత హాల్. హాల్లో ఎన్ని సీట్లున్నాయని అందరూ అడుగుతారు. తాళం ఎన్నింటికి చేతికొస్తుంది, ఎన్నింటికి తిరిగివ్వాలి అని అడిగేవాళ్లు తక్కువ. రాత్రి 9కి తాళం ఇచ్చెయ్యాలంటే వైర్లు చుట్టడానికి, కుర్చీలు సర్దడానికి, జనం బయటికి వెళ్లడానికి కనీసం ముప్పావు గంట కావాలి. అంటే మీ కార్యక్రమం 8.15కి అయిపోవాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. చివరి ఐటమ్ ఎన్నింటికి, దాని ముందుది ఎన్నింటికి, ఆ లెక్కన మొదటిది ఎన్నింటికి మొదలవ్వాలి? ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ఈ ఒక్క అలవాటు గురించే. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

పర్మిషన్ గురించి కూడా ఒక మాట. లెటర్ ఒక్కటే రాయండి, కానీ అందులో అన్నీ రాయండి: తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఎంతమంది వస్తారు, బయటివాళ్లు ఎవరైనా ఉన్నారా, సౌండ్ ఎంతవరకు, కరెంట్ లోడ్ ఎంత, బాధ్యులెవరు, వాళ్ల ఫోన్ నంబర్లేమిటి. సగం సంగతులు రాసి ఇస్తే అది ఒక్కో టేబుల్ దగ్గరా ఒక్కో ప్రశ్నతో వెనక్కి వస్తుంది.

ప్రిన్సిపాల్ గారూ, మీరు ఎదురుగానే ఉన్నారు కనుక అడుగుతున్నాను. పిల్లలు ఇచ్చిన లెటర్‌కు వారంలోగా అవుననో కాదనో చెప్పే ఏర్పాటు చెయ్యండి. కాదన్నా వాళ్లకు పనికొస్తుంది, ఇంకో తేదీ చూసుకుంటారు. ఏ జవాబూ రాకపోతేనే మునిగిపోతారు. సంతకం కాలేదని పోస్టర్ వెయ్యరు, పోస్టర్ లేదని జనం రారు. చివరికి పిల్లలకు ప్లానింగ్ రాదని మనమే అంటాం.

ఇక ప్లానింగ్ సంగతి. అనుకున్న టైమ్‌కు పని అవుతుందని గట్టిగా నమ్మడం మనిషి సహజ గుణం. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీని గురించి రాశారు. 1994లో ఇంకో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు చివరి సంవత్సరం విద్యార్థులను, మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున దాదాపు 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు పట్టొచ్చని అడిగితే 49 దాకా చెప్పారు. పట్టినవి 55 రోజులు దాటాయి. చూడండి, అన్నీ చెడితే అని చెప్పిన గడువు కూడా చాల్లేదు. థీసిస్ ఒక్కరి చేతిలో ఉన్న పని. మీ కార్యక్రమం సౌండ్ వాళ్ల చేతిలో, అతిథి బండి చేతిలో, వాన చేతిలో, ఇంకా రాని సంతకం చేతిలో ఉంటుంది.

అందుకే స్టేజీ లెక్క చేత్తో వేసి చూపిస్తాను. పెన్నులున్నవాళ్లు రాసుకోండి. 17 ఐటమ్‌లు, ఒక్కోటి 5 నిమిషాలు. మొత్తం 85 నిమిషాలు అని రాసి ఊపిరి పీల్చుకుంటారు. ఒక బృందం దిగి ఇంకో బృందం ఎక్కాలి. మైకులు జరపాలి, పాట ఫైల్ వెతకాలి, యాంకర్ రెండు ముక్కలు మాట్లాడాలి. మార్పు మార్పుకు రెండున్నర నిమిషాలు వేసుకోండి. పదహారు మార్పులకు 40 నిమిషాలు. ఈ 40 నిమిషాలు నేను చూసిన ఏ ప్రోగ్రామ్ షీట్‌లోనూ ముందుగా కనపడలేదు.

ఈ అంకెలు గాల్లోంచి తీసుకోలేదు. ఒకచోట సరిగ్గా ఇలాగే జరిగింది. ఆ కాలేజీ పేరు అనవసరం. నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. షీట్ ప్రకారం 6కి మొదలు, అతిథుల మాటలకు 20 నిమిషాలు, 17 ఐటమ్‌లు, 9కి హాల్ ఖాళీ చెయ్యాలి. 17వ ఐటమ్ మొదటి సంవత్సరం కుర్రాడి ఏకపాత్రాభినయం. మార్కుల కాగితాలు తక్కువయ్యాయని అడగడానికి నేను బ్యాక్‌స్టేజ్‌కు వెళ్లాను. తెర పక్కన ముసలివాడి వేషంలో నిలబడి ఉన్నాడు. చెమటకు జిగురు వదిలి తెల్ల గడ్డం ఒక పక్క ఊడిపోతోంది. దాన్ని ఎడమ చేత్తో చెంపకు అదిమి పట్టుకున్నాడు. కుడిచేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. సాయంత్రం ఐదింటికే మేకప్ వేశారట. నన్ను చూసి అడిగాడు: “సార్, ఇంకెంత టైమ్ పడుతుందండీ?”

స్టేజీ మీద అప్పుడు నాలుగో అతిథి మాట్లాడుతున్నారు. ఇంకో ఇద్దరున్నారు. ముఖ్య అతిథి ఆలస్యం వల్ల కార్యక్రమమే 6.40కి మొదలైంది. ఆరుగురి మాటలూ కలిసి 40 నిమిషాలు తీసుకున్నాయి. పదమూడో ఐటమ్ అయ్యేసరికి తొమ్మిది కావొచ్చింది. సెక్యూరిటీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. యాంకర్ మైక్ తీసుకుని, సమయాభావం వల్ల మిగతా నాలుగు అంశాలను రద్దు చేస్తున్నామని చెప్పింది. ఆ తర్వాత కూడా వందన సమర్పణ జరిగింది. పేర్లన్నీ చదివారు.

ఆ కుర్రాడు గడ్డం ఒక్క లాగు లాగాడు. జిగురు ఇంకా పట్టి ఉన్న వైపు చెంప ఎర్రగా కందిపోయింది. “పర్వాలేదు సార్” అన్నాడు. ఎందుకు పర్వాలేదు? నాకు అప్పుడూ కోపం వచ్చింది, ఇప్పుడూ వస్తోంది. షీట్‌లో లేని మార్పుల టైమ్‌తో సహా వేసుకున్నా ఆ కార్యక్రమం 8.25కి అయిపోవాలి. కాలేదంటే పోయినవి రెండే: ఆలస్యంగా మొదలవడంలో 40 నిమిషాలు, మాటలు సాగడంలో 20 నిమిషాలు. ఆ గంట తిన్నది పెద్దలు. దాని ఖర్చు కట్టింది వరసలో చివర నిలబడ్డ నలుగురు పిల్లలు. మరుసటి ఏడాది అక్కడికి మళ్లీ వెళ్లాను. జాబితాలో అతని పేరు వెతికాను, లేదు. అడిగితే ఈసారి పేరివ్వలేదన్నారు.

కాబట్టి మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. టైమ్ మించిపోతే ఏది తగ్గించాలో ముందు రోజే కాగితం మీద రాసుకోండి. ఆ జాబితాలో మొదట ఉండాల్సింది ప్రసంగాలు. తర్వాత సత్కారాలు, ఆ తర్వాత వీడియోలు. పిల్లల ఐటమ్ అందులో ఉండనే కూడదు. అతిథిని పిలిచే లెటర్‌లోనే ‘మీకు 5 నిమిషాలు’ అని మర్యాదగా రాయండి. మర్యాదగా రాస్తే ఎవరూ తప్పు పట్టరు, చాలామంది సంతోషిస్తారు కూడా. ముఖ్య అతిథి దారిలో ఉంటే ఐటమ్‌లు మొదలుపెట్టేయండి. ఆయన వచ్చాక, జరుగుతున్న ఐటమ్ అయ్యేదాకా ఆగి స్టేజీ మీదికి పిలవండి. పిల్లలు ఆడుతుంటే చూడ్డానికేగా ఆయన వస్తున్నది!

వేదిక మీద ఉన్న సహ అధ్యాపకులను కూడా వేడుకుంటున్నాను. మన పేరు పిలవలేదని రేపు ఎవరినీ నిలదియ్యకండి. ఆ భయంతోనే పిల్లలు ఎనిమిది మందికి మైక్ ఇస్తున్నారు.

బడ్జెట్ గురించి వివరంగా చెప్పాలనుకున్నాను, కానీ క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. మొత్తంలో పదో వంతు పక్కన పెట్టి దాన్ని మర్చిపోండి. అడ్వాన్స్ ఎవరికిచ్చినా రసీదు తీసుకోండి. కోశాధికారి తన జేబులోంచి పెట్టి తర్వాత తీసుకుందామనుకోవడం మాత్రం ఒప్పుకోవద్దు. కార్యక్రమం అయ్యాక బిల్లుల కోసం ఒంటరిగా తిరిగేది ఆ ఒక్కడే.

వాలంటీర్ల సంగతి. గ్రూపులో మెసేజ్ పెడతారు, నలభై మంది బొటనవేలు చూపిస్తారు, పని మాత్రం కాదు. దీనికి ఎవరినీ సోమరులనక్కర్లేదు. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీర్ మాక్స్ రింగెల్‌మాన్ తాడు లాగుడు మీద చేసిన ప్రయోగాలను 1913లో ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరూ పెట్టిన బలం, ఒంటరిగా లాగినప్పుడు పెట్టిన దాంట్లో సగమే. అందరి పని అంటే అలాగే అవుతుంది. అందుకే ప్రతి పనికీ ఒకే పేరు రాయండి. ‘స్టేజీ టీమ్’ అని కాదు, కార్డ్‌లెస్ మైక్ బ్యాటరీలు ఎవరివి, పాటల పెన్‌డ్రైవ్ ఎవరిది, ఎడమ తలుపు ఎవరిది అని రాయండి. అన్నట్టు, మైకులను స్పీకర్ల ముందుకు తేవొద్దు, వెనకే ఉంచండి. ఆ చెవులు చిల్లులు పడే కూతకు చాలాసార్లు కారణం అంతే.

తలుపు మాట వచ్చింది కనుక కాస్త ఆగి వినండి. 2023 నవంబర్ 25న కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో టెక్ ఫెస్ట్ జరుగుతుండగా ఆరుబయట ఆడిటోరియం దగ్గర తొక్కిసలాటలో నలుగురు చనిపోయారు. సంగీత కార్యక్రమం మొదలవ్వాల్సి ఉంది. వాన పడేసరికి బయట ఉన్నవాళ్లు ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు, మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడ్డారు. మీలాంటి పిల్లలు, మీలాగే ఫెస్ట్ కోసం వచ్చినవాళ్లు. చదరపు మీటరు జాగాలో నలుగురైదుగురు దాటి ఇరుక్కుంటే ప్రమాదం మొదలైనట్టే. ఆరేడుగురైతే ఎవరూ తమ ఇష్టం వచ్చిన వైపు కదల్లేరు, గుంపు ఎటు తోస్తే అటు పోతారు. ఇలాంటి చోట ప్రాణం పోయేది ఎక్కువగా కాళ్ల కింద పడి కాదు, ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక.

అందుకని గేటు దగ్గర మీ క్లబ్బులో అందరికన్నా నిదానస్తుణ్ణి, మాట వినిపించగలిగినవాణ్ణి పెట్టండి. అక్కడ కొత్తగా చేరిన పిల్లలను నిలబెట్టి సీనియర్లంతా స్టేజీ పక్కన ఫొటోలు దిగకండి. లోపలికి వెళ్లినవాళ్లను లెక్కపెట్టండి. సీట్లు నిండితే ఆపెయ్యండి, వచ్చినవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా సరే. బయటికి వెళ్లే తలుపులన్నీ తాళం తీసి ఉన్నాయో లేదో కార్యక్రమానికి అరగంట ముందు ఒకరు నడిచి చూసి రావాలి. వాన వస్తే ఏం చేస్తామన్నది ముందు రోజే తేల్చుకోవాలి. కార్యక్రమం ఆపమనే అధికారం ఒక్కరికి ఇవ్వండి. ఆ ఒక్కరు ఆపమంటే పాట మధ్యలో ఉన్నా ఆగాలి.

సరే, ప్రోగ్రామ్ షీట్ ఎలా రాయాలో చెప్పి ముగిస్తాను. ఎన్నింటికి, ఏ ఐటమ్, ఎటు నుంచి ఎక్కుతారు, ఎన్ని మైకులు, లైటు ఎలా, ఎవరు బాధ్యులు అని గళ్లు గీయండి. రెండు ఐటమ్‌ల మధ్య మార్పుకు కూడా విడిగా ఒక గడి, దానికీ టైమ్ రాయండి. ముందు రోజు ఎక్కడాలు దిగడాలు మాత్రమే రిహార్సల్ చెయ్యండి, పాటలు అక్కర్లేదు. గడియారం పట్టుకుని చూస్తే షీట్‌లో ఎక్కడ అబద్ధముందో అప్పుడే బయటపడుతుంది. కార్యక్రమం రోజు అసలు జరిగిన టైమ్‌ను అదే షీట్ పక్కన ఎర్ర పెన్నుతో రాసుకుంటూ పోండి. ఆ కాగితాన్ని పారెయ్యకుండా వచ్చే ఏడాది కార్యదర్శికి ఇవ్వండి. ఫొటోల కన్నా దానితోనే వాళ్లకు ఎక్కువ పని.

ఈ సాయంత్రం మీ క్లబ్బుల మొదటి సమావేశాలున్నాయని విన్నాను. వెళ్లేముందు ఆఫీసు దగ్గర ఆగి, హాల్ తాళం ఎన్నింటికి తిరిగివ్వాలో కనుక్కుని వెళ్లండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, వెనక వరసలో కూర్చున్నవాళ్ల నుంచి మొదలుపెడదాం.