గవర్నరు గారికి మిఠాయి పెట్టె

శ్రోతలకు నమస్కారం.

దీపావళి వచ్చిందంటే ఇంగ్లండులోని మన తెలుగు ఇళ్ళల్లోనూ మిఠాయి పెట్టెలు చేతులు మారతాయి. పక్కింటివాళ్ళకి ఒకటి, ఆఫీసులో మేనేజరుకి ఒకటి, పిల్లల టీచరుకి ఒకటి. ఇందులో ఎవరికీ ఇబ్బంది లేదు, ఒక్క బడి గవర్నరుకి తప్ప. పెట్టె చేతికి రాగానే ఆయన ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఖరీదెంత ఉంటుంది అని లెక్క వేసుకోవాలి. ఒక్కోసారి దాన్ని రిజిస్టరులో రాయించాలి. ఇవాళ ఆ రిజిస్టరు సంగతి మాట్లాడుకుందాం.

ఇంగ్లండులో ప్రభుత్వ డబ్బుతో నడిచే బడికి హెడ్‌టీచర్ పైన గవర్నింగ్ బాడీ ఉంటుంది. అందులోని సభ్యులే గవర్నర్లు. కౌన్సిల్ కింద ఉన్న బడుల్లో కనీసం 7 మంది సభ్యులుండాలని, వారిలో కనీసం ఇద్దరు పేరెంట్ గవర్నర్లు, అంటే పిల్లల తల్లిదండ్రుల తరఫున వచ్చేవాళ్ళు కావాలని 2012 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పదవీకాలం మామూలుగా 4 ఏళ్ళు. జీతం లేదు. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం కింద ఏర్పడ్డ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలకు ఇది కొంత దగ్గర, కాకపోతే ఇక్కడ బాధ్యత ఇంకా బరువు. బడ్జెట్‌కు ఒప్పుకోవాలి, హెడ్‌టీచర్‌ని ఎంపిక చేయాలి, ఆ తర్వాత వారి పనితీరూ చూడాలి. పిల్లాణ్ణి బడి నుంచి శాశ్వతంగా తీసేస్తే, అది సబబేనా అని మళ్ళీ విచారించేదీ గవర్నర్ల కమిటీయే.

వీటికి తోడు కాంట్రాక్టులు. మధ్యాహ్న భోజనం వండే కంపెనీ, యూనిఫాం అమ్మేవాళ్ళు, కంప్యూటర్లు పెట్టేవాళ్ళు, పైకప్పు బాగుచేసేవాళ్ళు, టీచరు సెలవు పెడితే ఇంకొకరిని పంపే ఏజెన్సీలు. వీళ్ళందరికీ బడి ఖాతాదారే. మంచి ఖాతాదారుని మంచి చేసుకోవాలని ఏ వ్యాపారికి ఉండదు? ఏటా జనవరిలో లండన్‌లోని ఎక్సెల్ సెంటర్లో బెట్ అనే పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది. బడులకు సాఫ్ట్‌వేర్, టాబ్లెట్లు అమ్మే కంపెనీలన్నీ అక్కడికి చేరతాయి. స్టాలు దగ్గర ఇచ్చే పెన్నూ, గుడ్డసంచీ ఎవరూ పట్టించుకోరు. ‘సాయంత్రం మా వాళ్ళతో డిన్నర్‌కి రండి సార్’ అన్నప్పుడే ఆగి ఆలోచించాలి.

ఈ పట్టింపు బడుల్లో పుట్టింది కాదు. 1994లో బ్రిటన్‌లో కొందరు ఎంపీలు డబ్బు పుచ్చుకుని పార్లమెంటులో ప్రశ్నలు అడిగారని పెద్ద గొడవైంది. అప్పటి ప్రధాని జాన్ మేజర్ లార్డ్ నోలన్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ కమిటీ 1995లో ప్రజాజీవితంలో ఉన్నవాళ్ళకు నిస్వార్థం, నిజాయితీ, జవాబుదారీతనం లాంటి ఏడు సూత్రాలు చెప్పింది. మంత్రికీ అవే, ప్రాథమిక పాఠశాల గవర్నరుకీ అవే. అకాడమీ అనే రకం బడులను ట్రస్టులు నడుపుతాయి. ఆ ట్రస్టులు పాటించాల్సిన ప్రభుత్వ హ్యాండ్‌బుక్ అయితే, బహుమతులకూ ఆతిథ్యాలకూ ఒక పాలసీ, ఒక రిజిస్టరు ఉండాలంటుంది. అదే హ్యాండ్‌బుక్‌లో, ట్రస్టు డబ్బుతో తాగడానికి మద్యం కొనకూడదని కూడా ఉంది. ఒక్క మినహాయింపు, మతపరమైన ఆరాధనకు వాడేది. చర్చిలో ఇచ్చే గుక్కెడు వైన్‌ని కూడా మరిచిపోకుండా రాశారంటే ఎంత జాగ్రత్తగా ఆలోచించారో చూడండి.

రిజిస్టరు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. తేదీ, ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏమిటది, అంచనా ఖరీదు, పుచ్చుకున్నారా వద్దన్నారా, చివరికి దాన్ని ఏం చేశారు. ఒక వరుస ఇలా ఉంటుంది: ‘కేటరింగ్ కంపెనీ, చాక్లెట్ల బుట్ట, సుమారు 35 పౌండ్లు, పుచ్చుకున్నాం, సమ్మర్ ఫెయిర్ లాటరీలో బహుమతిగా పెట్టాం.’ అంతే. ఆ వరుస చదివినవాళ్ళకు ఇక అనుమానించడానికి ఏమీ మిగలదు. వద్దన్నవి కూడా రాయాలా అని చాలామంది అడుగుతారు. చాలా బడుల పాలసీలు రాయమనే చెబుతాయి. ఒకే కంపెనీ ముగ్గురు గవర్నర్లని విడివిడిగా మ్యాచ్‌కి పిలిచిందనుకోండి. ముగ్గురూ మర్యాదగా వద్దని ఊరుకుంటే, ఆ కంపెనీ ఏం చేస్తోందో బడికి తెలిసేదెలా?

ఖరీదు ఎంత దాటితే రాయాలన్నది బడి ఇష్టం. ఒకచోట 25 పౌండ్లు, ఇంకోచోట 50. నన్నడిగితే ఈ అంకెని పట్టుకుని వేలాడకూడదు. టెండర్లు తెరవబోయే వారం వచ్చిన 10 పౌండ్ల పూలగుత్తి, ఏ పనీ లేనప్పుడు వచ్చిన 40 పౌండ్ల పుస్తకం కన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఏడాదిలో ఒకే చోటు నుంచి నాలుగుసార్లు వచ్చిన 20 పౌండ్ల వస్తువులు విడివిడిగా చూస్తే గీత దాటవు, కలిపి చూస్తే దాటతాయి. ఖరీదు కన్నా ముందు అడగాల్సింది, ఈ కుర్చీలో నేను కాక ఇంకొకరుంటే ఇది నాకు వచ్చేదా అని.

మనవాళ్ళకు అసలు చిక్కు వస్తువుల దగ్గర కాదు, భోజనాల దగ్గర. తిండిని మనం బహుమతిగా లెక్కపెట్టం. ఇంటికి వచ్చినవాళ్ళకు పెట్టకపోతే తప్పు, పెడితే తినకపోవడం ఇంకా తప్పు. ‘అన్నా, ఒక్క పూట భోజనానికి వస్తే ఏం పోయింది, అక్కయ్యని కూడా తీసుకురండి’ అంటే మొహమాటం అడ్డొస్తుంది. పిలిచినాయన పాత స్నేహితుడైతే, బడితో ఏ లావాదేవీ లేకపోతే, హాయిగా వెళ్ళి తినొచ్చు, రాయక్కర్లేదు. అదే ఆయనకు పెయింటింగ్ కంపెనీ ఉండి, బడి గోడలకు రంగులేసే పని మీటింగులోకి రాబోతోందనుకోండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు మనవాళ్ళు. గవర్నరు పనేమో వాసాలు లెక్కపెట్టడమే. రెండూ కుదరవు. వెళ్ళకపోవడం మేలు. అప్పటికే తినేసి ఉంటే గవర్నింగ్ బాడీ రాతపనులు చూసే క్లర్కుకి చెప్పి రాయించి, ఆ పని చర్చకు వచ్చినప్పుడు గది బయటికి వెళ్ళిపోవాలి, ఓటు వేయకూడదు.

బడిలో సీటు కోసమో, పిల్లాడి మీద చర్య ఆపించడం కోసమో మాట చెప్పమని వచ్చే మిఠాయిల సంగతి వేరు. విడిగా ఏ ఒక్క గవర్నరుకీ అధికారం లేదు, బాడీ మొత్తం కలిసి నిర్ణయిస్తేనే నిర్ణయం. ఆ మాట చెప్పి పెట్టె వెనక్కి ఇచ్చేయాలి. పైగా 2010 లంచాల చట్టం ఇచ్చినవాళ్ళనీ పుచ్చుకున్నవాళ్ళనీ కూడా పట్టుకుంటుంది. గరిష్ఠ శిక్ష 10 ఏళ్ళ జైలు. మిఠాయి పెట్టెకి ఎవరూ అంతదూరం వెళ్ళరు, కానీ ఇచ్చేది కవరైతే కథ మారుతుంది.

రాయాల్సిన అవసరం లేనివీ ఉన్నాయి. మీటింగులో బడి ఇచ్చే టీ, బిస్కెట్లు. పిల్లలు రంగు పెన్సిళ్ళతో గీసి ఇచ్చిన థాంక్యూ కార్డులు. వీటికి కూడా ఫారం నింపి తెచ్చే అతి జాగ్రత్తపరులు ఉంటారు, వాళ్ళతో క్లర్కుకి విసుగు.

వింటున్నవారిలో ఎవరి బడి నుంచైనా పేరెంట్ గవర్నరు ఖాళీ ఉందని ఉత్తరం వచ్చి ఉంటే, నామినేషన్ వేసేముందు బడి ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టి గిఫ్ట్స్ అండ్ హాస్పిటాలిటీ పాలసీ అడిగి తెప్పించుకోండి. ఎంత దాటితే రాయాలి, ఎన్ని రోజుల్లోపు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఈ మూడూ అందులో ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి. పాలసీయే లేదని జవాబొస్తే, గెలిచాక మొదటి మీటింగులో అడగాల్సిన ప్రశ్న మీకు దొరికినట్టే.

నమస్కారం.