మిర్చి మంట తెలిసే నాడి ఎలా బతికి బట్టకట్టింది?

[దృశ్యం: గుంటూరు మిర్చి యార్డు, టిక్కీల వరుసలు]

నమస్తే. తేజ మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లను సాయంత్రం పూట అడగండి, చేతులు ఎలా మండిపోతాయో చెబుతారు. ఆ మంటకు కారణం మిర్చిలోని కాప్సైసిన్. చర్మంలోని నాడి కొసల మీద టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టడం దాని పని. కాప్సైసిన్ కూడా దాన్నే తట్టి లేపుతుంది కాబట్టి కారం తగిలితే నిప్పు తగిలినట్టే ఉంటుంది. దీన్ని 1997లో గుర్తించిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది.

అయితే ఈ రోజు చెప్పేది అంతకన్నా ముందు కథ. అసలు ఆ నాడి మన ఒంట్లో ఎలా మిగిలింది?

[దృశ్యం: పిండం బొమ్మ, వెన్నుపాము పక్కన నాడీకణాల ముడులు]

కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు స్పర్శ, నొప్పి తెలిపే నాడీకణాలు అవసరానికి మించి పుడతాయి. వెన్నుపాము పక్కనున్న ముడుల నుంచి అవి సన్నటి తీగలను చర్మం వైపు, కండరాల వైపు పంపుతాయి. వాటిలో చాలా కణాలు, కొన్నిచోట్ల సగం దాకా, చనిపోతాయి. భయపడక్కర్లేదు, అది జబ్బు కాదు. చర్మం ఒక ప్రోటీన్‌ను కొద్ది మోతాదులోనే తయారుచేస్తుంది. నొప్పి నాడుల్లో అది తగినంత అందినవి బతుకుతాయి, అందనివి తమను తామే చంపుకుంటాయి. దాని పేరు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, పొట్టిగా ఎన్‌జీఎఫ్.

[దృశ్యం: టేబుల్ మీద సూక్ష్మదర్శిని, కోడిగుడ్లు]

దీన్ని కనిపెట్టిన రీటా లెవీ మోంటాల్చినీ గురించి కాస్త ఆగి చెప్పాలి. 1938లో ముస్సోలినీ చట్టాలు ఇటలీ యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొట్టాయి. రీటా ట్యూరిన్‌లో తన పడగ్గదిలోనే ప్రయోగశాల పెట్టుకున్నారు. కోడి పిండానికి కాలు మొలవబోయే భాగాన్ని తీసేసి చూశారు. అటు వెళ్లాల్సిన నాడీకణాలు పుడుతున్నాయి, కానీ తర్వాత చనిపోతున్నాయి! అసలు పుట్టడమే లేదని అప్పటిదాకా అనుకునేవారు. 1947లో ఆమె అమెరికా వెళ్లారు. 1952లో రియో డి జనీరోలో ఎలుక కణితి ముక్క దగ్గర నాడీముడిని పెంచితే, ఒక్క రోజులోనే దాని చుట్టూ నాడి పోగులు సూర్యకిరణాల్లా విచ్చుకున్నాయి.

కణితిలోంచి వచ్చే ఆ పదార్థమేమిటో తేల్చే పని స్టాన్లీ కోహెన్ చేపట్టారు. అందులోని న్యూక్లియిక్ ఆమ్లాలను విడగొట్టడానికి పాము విషం కలిపితే, ఆ విషంలోనే ఎన్‌జీఎఫ్ ఇంకా ఎక్కువగా ఉందని బయటపడింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇదే. తర్వాత ఎలుక లాలాజల గ్రంథుల్లోనూ దొరికింది. ఇద్దరికీ 1986లో నోబెల్ ఇచ్చారు.

[దృశ్యం: నాడి కొస నుంచి వెనక్కి కదిలే బుడగ]

నాడి కొస మీదున్న ట్ర్క్‌ఏ అనే గ్రాహకాన్ని ఎన్‌జీఎఫ్ పట్టుకుంటుంది. రెండూ చిన్న బుడగలో కణంలోకి చేరి, తీగ వెంట వెనక్కి ప్రయాణించి, "బతుకు" అనే కబురు కేంద్రకానికి అందిస్తాయి. కణం ఎలాంటి నాడిగా ఎదగాలన్నదీ ఈ కబురు కొంతవరకు నిర్ణయిస్తుంది. కళ్లు మూసుకున్నా కాలు ఎక్కడుందో చెప్పే నాడులు మాత్రం ఎన్‌టీ3 అనే వేరే ప్రోటీన్ మీద ఆధారపడతాయి.

ట్ర్క్‌ఏను తయారుచేసే జన్యువు పుట్టుకతోనే రెండు ప్రతుల్లోనూ దెబ్బతింటే బిడ్డకు నొప్పి తెలియదు, చెమట పట్టదు. నాలుక కొరుక్కున్నా, ఎముక విరిగినా ఏడవడు. ఒళ్లు చల్లబడే దారి లేక జ్వరాలు వస్తాయి. నొప్పి లేకపోవడం వరమని ఎవరైనా అంటే ఈ పిల్లల తల్లిదండ్రులను తలుచుకోండి.

పెద్దయ్యాక ఎన్‌జీఎఫ్ పని మారుతుంది. వాపు వచ్చినచోట అది పెరిగి, టీఆర్‌పీవీ1ను మరింత సున్నితం చేస్తుంది. అందుకే దాన్ని అడ్డుకునే టానెజుమాబ్ అనే మందును మోకాళ్ల అరుగుదల నొప్పికి పరీక్షించారు. నొప్పి తగ్గింది. కానీ కొందరిలో కీళ్లు వేగంగా దెబ్బతిన్నాయి. 2021లో అమెరికా నిపుణుల కమిటీ ఆ మందుకు వ్యతిరేకంగా ఓటేసింది, కంపెనీలు దాన్ని పక్కన పెట్టేశాయి.