ఒక బోదెలో రెండు రకాల నీళ్లు పారవు: రెండో మానిటర్ సంగతి

నమస్కారమండి. నా చేతిలో ఉన్న ఈ కేబుల్ చూడండి. ఒక చివర ఒకే హెచ్‌డీఎంఐ పిన్ను, అంటే కంప్యూటర్ నుంచి స్క్రీన్‌కి బొమ్మ పంపే పిన్ను. ఇంకో చివర రెండు సాకెట్లు. దీన్ని స్ప్లిటర్ అంటారు. గత నెలలో మా పాలకొల్లులో మూడు ఇళ్లలో ఇదే చూశాను. ముగ్గురూ ఇంట్లోంచి ఉద్యోగం చేసుకునే పిల్లలే. రెండో మానిటర్ కొన్నారు, దాంతోపాటు ఇదీ కొన్నారు. ఇద్దరికి రెండు స్క్రీన్ల మీదా ఒకే బొమ్మ వచ్చింది. మూడో అమ్మాయికి రెండో స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. మానిటరే పాడైందనుకుని ఆ అమ్మాయి దాన్ని షాపులో తిరిగి ఇచ్చేసింది. ఏ లోపమూ లేని మానిటరండి అది! అది విన్నప్పటి నుంచి నాకు మనసు ఊరుకోవడం లేదు. అందుకే ఈ వీడియో.

ఏ మానిటర్ కొనాలి, ఎన్ని అంగుళాలు అన్న జోలికి ఇవాళ వెళ్లను. వైరు దగ్గరే ఉందాం.

బోదె అంటే పొలానికి నీళ్లు తెచ్చే చిన్న కాలువ, మన డెల్టావాళ్లకి చెప్పక్కర్లేదు. మీకు రెండెకరాలు ఉందనుకోండి. ఒక ఎకరం వరి, పక్క ఎకరం రొయ్యల చెరువు. వరికి మంచినీళ్లు కావాలి, చెరువుకి ఉప్పునీళ్లు కావాలి. బోదె మాత్రం ఒక్కటే ఉంది. దాన్ని గట్టు దగ్గర రెండుగా చీల్చారు. ఏమవుతుంది? మంచినీళ్లు వదిలితే రెండు చోట్లా మంచినీళ్లే. ఉప్పునీళ్లు వదిలితే వరి పోతుంది. చివర ఎన్ని పాయలు చేసినా, పైనుంచి వచ్చే నీళ్లు ఒకటే రకం. స్ప్లిటర్ చేసేది అచ్చంగా ఇదే. కంప్యూటర్ ఒక హెచ్‌డీఎంఐ లోంచి ఒకే బొమ్మ పంపిస్తుంది. దాన్ని ఈ కేబుల్ రెండు చోట్లకి పంచాలని చూస్తుంది, అంతే. కరెంటు అడాప్టర్‌తో వచ్చే ఖరీదైన స్ప్లిటర్ పెట్టె అయినా సరే, ఒకే బొమ్మని రెండు చోట్ల శుభ్రంగా చూపిస్తుంది గానీ రెండు వేర్వేరు బొమ్మలు ఇవ్వలేదు. కల్యాణ మండపంలో రెండు టీవీల మీద ఒకే పెళ్లి చూపించాలంటే దానంత మంచి వస్తువు లేదు. ఎడమ పక్క ఎక్సెల్, కుడి పక్క మీటింగ్ కావాలంటే మాత్రం అది పనికిరాదు.

మరి ఏం కావాలి? రెండు తూములు కావాలి.

గోదావరి ఒకటే కదండి. కానీ తూర్పు డెల్టా నీళ్లు ధవళేశ్వరం దగ్గర, సెంట్రల్ డెల్టా నీళ్లు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టా నీళ్లు విజ్జేశ్వరం దగ్గర విడిగా తీస్తారు. ఒకచోట గేట్లు ఎత్తి ఇంకోచోట దించొచ్చు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ డెల్టా బతుకుతున్నది అలా విడివిడిగా తీసుకున్న నీళ్లతోనే. మీ కంప్యూటర్‌లో బొమ్మ తయారుచేసే గ్రాఫిక్స్ చిప్పు గోదావరి. వెనక ఉన్న ఒక్కో సాకెట్టూ ఒక్కో తూము. ఒక్కో మానిటర్‌కి ఒక్కో తూము నుంచి విడిగా వైరు రావాలి.

కాబట్టి డబ్బు ఖర్చుపెట్టే ముందు మీ సీపీయూ వెనక్కి వెళ్లండి. అసలు సీపీయూ అంటే లోపలి ప్రాసెసర్, కానీ మనందరం ఆ డబ్బానే సీపీయూ అంటాం, నేనూ అదే అంటాను. ఫోన్ టార్చ్ వేసి చూడండి. హెచ్‌డీఎంఐ ఉంటుంది. పక్కనే దానిలాగే ఉండి ఒక మూల మాత్రమే కోసినట్టున్నది డిస్‌ప్లేపోర్ట్. నీలం రంగులో మూడు వరసల చిల్లులున్నది వీజీఏ. వీటిలో ఏ రెండు ఉన్నా చాలావరకు మీ పని అయిపోయినట్టే. ఒకటి హెచ్‌డీఎంఐ, ఇంకోటి వీజీఏ అయినా ఫర్వాలేదు, రెండూ ఒకే రకం కావాలని ఏమీ లేదు.

ఇక్కడ ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంది. గేముల కోసం గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్న ఇళ్లలో వెనక రెండు చోట్ల సాకెట్లు ఉంటాయి. పైన యూఎస్‌బీల పక్కన ఉన్నవి మదర్‌బోర్డువి, అంటే లోపలి ప్రధాన బోర్డువి. కింద అడ్డంగా ఉన్నవి కార్డువి. ఒక మానిటర్ పైన, ఒకటి కింద పెడతారు. పైది నల్లగా ఉంటుంది. కార్డు ఉందని తెలియగానే చాలా మదర్‌బోర్డులు తమ తూముకి గేటు దించేస్తాయి. బొబ్బర్లంకలో గేటు దించి ఉంటే కింద కాలువలో ఎంత పూడిక తీసినా నీళ్లు రావు కదా! రెండు వైర్లూ కార్డుకే పెట్టండి. ఆ గేటు మళ్లీ ఎత్తాలంటే చాలా బోర్డుల్లో బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లో, వీలుంటుంది, కానీ కార్డులో ఖాళీ ఉన్నంతవరకు ఆ అవసరం రాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే, ఉదాహరణకి ఐ5 12400ఎఫ్, దాంట్లో గ్రాఫిక్స్ చిప్పే ఉండదు. మదర్‌బోర్డుకి సాకెట్ కనిపిస్తుంది, అందులోంచి ఏమీ రాదు. బోదె తవ్వారు, పైన కాలువ లేదు.

ఇప్పుడు పాత మానిటర్ల సంగతి. అటక మీద ఉన్న వీజీఏ మానిటర్‌ని వాడుకోవడం నాకు చాలా ఇష్టం, పారేయకండి. వీజీఏ 1987లో ఐబీఎం తెచ్చింది. అది అనలాగ్, హెచ్‌డీఎంఐ డిజిటల్. మధ్యలో మార్చడానికి చిన్న చిప్పున్న కన్వర్టర్ కావాలి. చిప్పు లేకుండా రెండు పక్కలా పిన్నులు మాత్రమే ఉన్న చవక వైరు పనిచేయదు. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను, కన్వర్టర్‌కి దిక్కు ఉంటుంది. నీళ్లు పల్లానికే పారతాయి. కంప్యూటర్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు వీజీఏ అయితే ‘హెచ్‌డీఎంఐ టు వీజీఏ’ అడగండి. కంప్యూటర్ వైపు వీజీఏ అయితే ‘వీజీఏ టు హెచ్‌డీఎంఐ’. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, తిప్పి పెడితే పనిచేయవు.

ఫోర్ కే మానిటర్ కొన్నవాళ్లకి కాలువ వెడల్పు కూడా ముఖ్యం. మామూలు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌లో 1920 ఇంటూ 1080, అంటే సుమారు 20 లక్షల 73 వేల చుక్కలు. ఫోర్ కేలో సరిగ్గా దానికి 4 రెట్లు. సెకనుకి 60 సార్లు అంత బొమ్మ పంపాలి. పాత హెచ్‌డీఎంఐ 1.4 కాలువ దానికి చాలదు, సెకనుకి 30 సార్లే పంపగలదు. అప్పుడు మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ, వాటికన్నా కొత్తవి గానీ అయితే 60 వస్తుంది. అలాగే మరీ పొడుగు వైరు కొనకండి. శివారు పొలానికి నీళ్లు అందనట్టే చివర బొమ్మ మినుకుమినుకుమంటుంది. టేబుల్ మీదకి రెండు మీటర్లు చాలు.

ఇక లాప్‌టాప్ వాళ్లకి త్వరగా చెబుతాను, టైమ్ అయిపోతోంది. యూఎస్‌బీ సీ సాకెట్లన్నీ బొమ్మ పంపవు. పక్కన డీపీ, అంటే డిస్‌ప్లేపోర్ట్, గుర్తు గానీ థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉందేమో చూడండి. గుర్తు లేకపోతే మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో చూసుకోండి. ఒకే తూము నుంచి నిజంగానే రెండు బొమ్మలు ఇచ్చే దారి ఒకటుంది, డిస్‌ప్లేపోర్ట్‌లో ఎంఎస్‌టీ అని. దానికి వేరే హబ్ కావాలి, స్ప్లిటర్ కాదు. విండోస్‌లో పనిచేస్తుంది, మ్యాక్‌లో పనిచేయదు.

వైర్లు పెట్టారు, రెండూ వెలిగాయి, అయినా ఒకే బొమ్మ ఉందా? విండోస్ బటన్, పీ కలిపి నొక్కండి. డూప్లికేట్ మీద ఉంటే ఎక్స్‌టెండ్‌కి మార్చండి. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే. 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి. టేబుల్ మీద ఏది ఎటు ఉందో అలాగే లాగి పెట్టండి, లేకపోతే మౌస్ ఎడమకి వెళ్లాల్సింది కుడికి వెళ్తుంది. అక్షరాలు చిన్నవిగా ఉంటే స్కేల్ పెంచండి. విండోని ఆ స్క్రీన్‌కి పంపాలంటే విండోస్, షిఫ్ట్, బాణం. ఇంతే.

మానిటర్ వెనక్కి ఇచ్చేసిన అమ్మాయి ఇంటికి నిన్న వెళ్లాను. ఆమె సీపీయూ వెనక డిస్‌ప్లేపోర్ట్ ఒకటి ప్లాస్టిక్ మూత కూడా తీయకుండా ఖాళీగా ఉంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ ఒకటి తీసి పెట్టాను. మానిటర్ ఎల్లుండి మళ్లీ వస్తుంది.