పిల్లలకి ఇండియా చూపించాలా? సిక్కోలులో బండెక్కండి

నమస్కారమండీ. మూడు వారాల సెలవు పెట్టుకుని విదేశాల నుంచి పిల్లలతో ఊరొచ్చేవాళ్ళ కోసం ఈ వీడియో. రెండు వారాలు చుట్టాలిళ్ళ భోజనాలతో అయిపోతాయి. మిగిలిన వారం ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ అంటూ పరుగు. పిల్లలకి చివరికి గుర్తుండేవి క్యూలు, ఎయిర్‌పోర్టులు. తాజ్‌మహల్ చూడొద్దని కాదు. "ఇన్ని రకాల మనుషులు ఒక్క దేశంలో ఎలా ఉంటారు నాన్నా?" అనడిగే పిల్లకి జవాబు మాత్రం శ్రీకాకుళం, అంటే మన సిక్కోలు నుంచి రెండు గంటల దారిలోనే దొరుకుతుంది.

లెక్క చూడండి. మన తెలుగు ద్రావిడ భాష. పాతపట్నం, ఇచ్ఛాపురం వైపు వెళ్తే వినిపించే ఒడియా హిందీ, బెంగాలీల కుటుంబం. సీతంపేట కొండలెక్కితే సవర. అది ముండా భాష, దాని దూరపు చుట్టాలు కంబోడియాలో, వియత్నాంలో ఉన్నాయి. ఒకదానికొకటి రక్తసంబంధం లేని మూడు భాషలు ఒక్క రోజు కారు ప్రయాణంలో చెవిన పడతాయి.

ముందు చేరుకోవడం. రైల్లో వస్తే దిగాల్సిన స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు. అది ఊళ్ళో లేదు, ఆమదాలవలసలో ఉంది. టౌనుకి దాదాపు 13 కిలోమీటర్లు. అర్ధరాత్రి రైలైతే ఆటో ముందే మాట్లాడుకోండి. స్టేషన్ కోడ్ సీహెచ్ఈ, ఇంగ్లిషువాళ్ళు పలికిన చికాకోల్ ఇంకా అక్కడ బతికే ఉంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే, పాత 120 రోజుల లెక్కలో కూర్చుంటే టికెట్ పోయినట్టే. ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకిచ్చే కార్డు) ఉన్న పిల్లలకి 20 ఏళ్ళలోపు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ కొత్త పాస్‌పోర్టు, ఫొటో పోర్టల్‌లో ఎక్కించాలి. చాలామంది దీన్ని బయల్దేరే వారం గుర్తు చేసుకుంటారు. విదేశీ నంబరుతో యూపీఐ నడవాలంటే ప్రవాసులకిచ్చే ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ బ్యాంకు ఖాతా ఉండాలి, మీ దేశం యూపీఐకి ఒప్పుకున్న దేశాల జాబితాలో ఉండాలి. ఏదైనా సరే, యాభైలు, వందలు చేతిలో ఉంచుకోండి.

మొదటిరోజు తెల్లారగట్లే అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి. టౌనుకి రెండు కిలోమీటర్లు. స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడేది ఏటా రెండుసార్లే: మార్చి 9 నుంచి 11, అక్టోబరు 1 నుంచి 3 మధ్య, సూర్యోదయం వేళ కొన్ని నిమిషాలు. అక్టోబరులో ఆకాశాన్ని నమ్మలేం. మబ్బు పట్టిందా, ఏమీ కనపడదు. మా ఓటు మార్చికే. పైగా అక్టోబరు తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే ఈ తీరం మీద పడ్డాయి.

అక్కడి నుంచి శ్రీకూర్మం. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే గుడి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళుంటాయి, చిన్నపిల్లలు అక్కడే ఆగిపోతారు. మధ్యాహ్నం గుడులు మూసేస్తారు కాబట్టి ఈ రెండూ పన్నెండులోపే. ఎండ తగ్గాక శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు. నీడ తక్కువ, మనిషికో లీటరు నీళ్ళు పట్టుకోండి. పైనుంచి నది సముద్రం వైపు సాగడం చూస్తే బౌద్ధులు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో పిల్లలకి విడమరచనక్కర్లేదు, కింద కళింగపట్నం పాత రేవు. ఆ రేవు దగ్గర ఆడుకోవచ్చు కానీ నది కలిసే చోట నీళ్ళలోకి దిగొద్దు, లోపలికి లాగేస్తుంది.

రెండోరోజు శ్రీముఖలింగం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. మధుకేశ్వరాలయం గోడల శిల్పాలకి గంటన్నర ఇవ్వండి. చూసిన కళ్ళకి తర్వాతెప్పుడైనా భువనేశ్వర్ గుడులు సొంతూరివిలా అనిపిస్తాయి. అక్కడి నుంచి పాతపట్నం. దాన్నానుకునే ఒడిశా పర్లాకిమిడి. బోర్డుల మీద గుండ్రటి లిపి మారుతుంది, టీకొట్టులో మాట మాత్రం రెండు భాషల్లోనూ నడుస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బళ్ళో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజుకే.

సీతంపేట 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. సంతరోజు ఏదో ముందే కనుక్కుని వెళ్ళండి, మామూలు రోజు వెళ్తే ఊరంతా ఖాళీ. ఒక్క మాట: మనుషుల మొహాల మీద కెమెరా పెట్టకండి. "అమ్మా, తీసుకోవచ్చా?" అని అడగండి, వద్దంటే లోపల పెట్టెయ్యండి. చోడి అంబలి దొరికితే తాగండి. చోడి అంటే మీ ఇండియన్ స్టోర్లో ఖరీదుగా అమ్మే రాగే.

మూడోరోజు పొందూరు. ఇక్కడ తొందరపడొద్దు. కొండపత్తి, పునాసపత్తి గింజతోనే ఏరి, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఎందుకంటే ఆ పళ్ళు సన్నగా, దగ్గరదగ్గరగా ఉండి పోగు తెగకుండా నలకని లాగేస్తాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి చరఖా మీద వడుకుతారు. నూరో నంబరు నూలు, అంటే అంత సన్నటి పోగు, వచ్చేది ఈ ఓపిక వల్లే. బజార్లో మిల్లు బట్టని కూడా పొందూరని అంటగడతారు. ఖాదీ సంఘం దుకాణంలో బిల్లుతో కొనండి. వెలుతురుకి పట్టి చూస్తే చేతినూలులో అక్కడక్కడ లావుసన్నాలు కనిపిస్తాయి, మరీ సమంగా ఉంటేనే అనుమానించాలి. డ్రయ్యర్లో వెయ్యకండి, నీడన ఆరబెట్టి తడిపొడిగా ఉండగా ఇస్త్రీ.

విజయనగరంలో కోట, 1919లో మొదలైన సంగీత కళాశాల, గురజాడ వారి ఇల్లు ఒక్క పూటలో అవుతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడాలంటే మాత్రం దసరా తర్వాత వచ్చే మంగళవారానికి. సోమవారం తొలేళ్ళకే, అంటే ముందురోజు పండక్కే చేరిపోండి, మంగళవారం కారు ఊళ్ళోకి రాదు. సిరిమాను అనే పొడుగాటి మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, మానుకొసన పూజారి, కింద అరటిపళ్ళు విసిరే జనం. చంటిపిల్లలుంటే మేడ మీద చోటు ముందే అడిగిపెట్టుకోండి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమానులోంచి కుండ (గుండ్రటి భాగం), దండి (పొడుగు మెడ) తొలిచి వీణ చేస్తారు. దిగిన రోజే తీసుకెళ్దామంటే కుదరదు, ఊరు బయల్దేరకముందే ఆర్డర్ ఇవ్వండి, గట్టి పెట్టె కూడా అడగండి. తీగని నొక్కి స్వరం పలికించే మెట్లు మైనం మీద నిలబడతాయి. ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే మైనం కరిగి మెట్లు జారతాయి. మీ ఊరి చలికాలంలో హీటర్ పక్కన పెడితే కర్ర ఎండి బీటలిస్తుంది. సూట్‌కేసులో పట్టే బొమ్మ వీణలు కూడా అక్కడే చేస్తారు. శ్రుతి మాత్రం వాటినుంచి ఆశించకండి.